మూడు మధ్యాహ్నాల ఊపిరి

ఆసుపత్రిలో ఆవిడను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. పెద్ద డాక్టరు నుంచి లిఫ్టు నడిపే మనిషి దాకా అందరికీ ఆవిడ సిస్టరమ్మే. పిల్లల వార్డుకు హెడ్ నర్సు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆవిడ బూట్ల చప్పుడు వినిపిస్తే జ్వరం కూడా ఒక డిగ్రీ దిగుతుందని కుర్ర నర్సులు చాటుగా నవ్వుకునేవాళ్లు. ఆవిడ అన్నీ సహిస్తుంది గానీ జబ్బు దాచడం మాత్రం సహించదు. పిల్లాడికి ఫలానా మందు పడదని తెలిసీ చెప్పని తల్లి దొరికిందంటే వరండాలో నిలబెట్టి కడిగేసేది. "వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా అబద్ధమాడకూడదని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా?" అని అడిగేది.

ఆ వార్డు వరండాలో ఒక చేపల తొట్టి ఉంది. ఏడుస్తున్న పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఎవరో దాత ఇచ్చింది. దాని నీళ్లు మార్చే పని ఎవరికీ అప్పగించకుండా సిస్టరమ్మే చేసుకునేది. నారింజ రంగు చారల చేపలు గాజుకు మూతులు ఆనించి తిరుగుతుంటే, వీటిని వీటి ఇంట్లో ఒక్కసారైనా చూడాలని ఆవిడకు ఎప్పుడో మనసులో పడింది. యాభై రెండో ఏట ఆ వీలు దొరికింది. సముద్రంలో ఒక దీవి మీద పెద్ద తుపాను విరుచుకుపడి మూడు నెలలైంది. మళ్లీ తలుపులు తెరిచిన హోటలు వాళ్లు సగం ధరకే గదులిస్తామనీ, సముద్రం అడుగుకు తీసుకెళ్లి చూపిస్తామనీ ప్రకటించారు.

"మునిగిన దీవికి వెళ్లి మనం మునగడమెందుకే?" అన్నాడు భర్త. ఆయన స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. సముద్రాన్ని ఎన్నిసార్లయినా గీస్తాడు గానీ మోకాలు దాటిన నీళ్లలోకి దిగడు.

"మునిగేది నేను. మీరు పడవలో కూర్చుని బొమ్మలేసుకోండి," అంది సిస్టరమ్మ. అప్పటికే ఆర్నెల్ల నుంచి ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరి ఈత నేర్చుకుంటోంది.

ఒకే ఒక చిక్కుంది. సిస్టరమ్మకు ఏడో ఏటి నుంచీ ఉబ్బసం. ఎక్కువేం కాదు. చలికాలంలో, దుమ్ములో తిరగబెడుతుంది. నీలం రంగు ఇన్‌హేలరు ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. రెండుసార్లు పీలిస్తే చాలు, మనిషి మామూలైపోతుంది.

దీవి మీద చెట్లన్నీ మొండాలై నిలబడి ఉన్నాయి. ఒక చెట్టు మొదలుకు ఇంటి పైకప్పు రేకు తువ్వాలులా చుట్టుకుని అలాగే తుప్పు పట్టింది. రేవులో చెక్కల వంతెన సగం దాకా ఉంది, మిగతా సగం నీళ్లలో ఉంది. ఆసుపత్రి కప్పు లేచిపోవడంతో బడిలో ఒక తరగతి గదిని ఆసుపత్రి చేశారు. హోటలు నుంచి రేవుకు వెళ్లే దారి దాని కిటికీ పక్కనుంచే పోతుంది.

డైవింగ్ షెడ్డుకు కొత్త కప్పు వేశారు, గోడలింకా కట్టలేదు. నడిపేది ముప్పై అయిదేళ్ల పొట్టి మనిషి. ఎండకు కమిలిన ముఖం, మగవాడిలా కత్తిరించుకున్న జుట్టు. అందరూ కోచ్ అంటారు. ఆవిడ సిస్టరమ్మ ముందు ఒక ఫారం పెట్టింది. గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, ఉబ్బసం. ఒక్కోదానికీ రెండేసి గళ్లు, 'ఉంది', 'లేదు'.

సిస్టరమ్మ పెన్ను ఉబ్బసం దగ్గర ఒక్క క్షణం ఆగింది. 'ఉంది' అని రాస్తే డాక్టరు సంతకం కావాలంటారు. డాక్టరు వారానికోసారి ఓడలో వస్తాడట. అంటే ఇంత దూరం వచ్చి ఒడ్డున కూర్చోవాలి. 'లేదు' గడిలో టిక్కు పెట్టింది. పక్కనున్న మాస్టారు "అదీ..." అనబోయాడు. బల్ల కింద ఆయన కాలు తొక్కింది.

కోచ్ ఫారం చదివి తలెత్తింది. "అన్నీ సరిగ్గానే రాశారు కదా మేడమ్? తుపాను తర్వాత మా దగ్గర ఏదీ రెండోది లేదు. ఆక్సిజన్ కూడా మిగిలింది ఒక్క సిలిండరే. అందుకే మళ్లీ అడుగుతున్నా."

"ఇరవై ఆరేళ్ల నుంచి ఇలాంటి ఫారాలు నింపించే పనే నాది, అమ్మా," అని నవ్వింది సిస్టరమ్మ. "నర్సుని."

కోచ్ కూడా నవ్వింది. "అయితే బెంగ లేదు," అంది.

గదికి వచ్చాక మాస్టారు గొణిగాడు. "అలా రాయకుండా ఉండాల్సింది."

"నా ఊపిరి సంగతి నాకు తెలీదా? మీరు కొత్తగా చెప్పాలా?" అని నోరు మూయించింది. మర్నాడు పడవ ఎక్కేముందు బ్యాగులోంచి ఇన్‌హేలరు తీసి గదిలో సొరుగులో పెట్టేసింది. పడవలో బ్యాగు తెరిచినప్పుడు ఎవరి కంటైనా పడితే అడుగుతారని.

ఆ ఉదయం లోతు తక్కువ నీళ్లలో కోచ్ చెప్పినవన్నీ సిస్టరమ్మ బాగానే చేసింది. గంట తర్వాత పగడపు దిబ్బ దగ్గర లంగరు వేశారు. కోచ్ ఆవిడ చెయ్యి పట్టుకుని కిందకు దించింది. పెళ్లి భోజనాలయ్యాక పగిలిన పింగాణీ పళ్లేలు పారబోసినట్టుంది దిబ్బ. తుపాను సగం విరగ్గొట్టేసింది. ఇసుకలో ఎవరిదో ఇంటి కిటికీ చట్రం నిటారుగా దిగబడి ఉంది. దానిలోంచి నారింజ చారల చేపలు గుంపుగా అటు నుంచి ఇటు వచ్చాయి. ఒక చేప సిస్టరమ్మ కళ్లద్దం ముందుకొచ్చి ఆగింది. లోపల ఆవిడ నవ్వింది. నవ్వితే గాలి గొట్టం పక్కల నుంచి ఉప్పునీళ్లు నోట్లోకి వచ్చాయి. దగ్గింది.

ఆ దగ్గు ఆగలేదు. సిలిండరులోంచి వచ్చే గాలి చల్లగా, ఎండిపోయి ఉంది. ఛాతీని ఎవరో తాడేసి బిగిస్తున్నట్టనిపించింది. అదేమిటో సిస్టరమ్మకు మొదటి బిగింపులోనే తెలిసిపోయింది. పైకి వెళ్దామన్నట్టు బొటనవేలు పైకి చూపించింది. కోచ్ కంగారు పడలేదు, ఆవిడను రెండు చేతులా పట్టుకుని కళ్లలోకి చూస్తూ మెల్లమెల్లగా పైకి తెచ్చింది.

పడవలోకి లాగేసరికి సిస్టరమ్మ పెదవులు నీలిరంగు తిరిగాయి. కోచ్ మోకాళ్ల మీద కూర్చుని గట్టిగా అడిగింది. "మేడమ్, ఇటు చూడండి. ఉబ్బసం ఉందా? మాట్లాడొద్దు, తల ఊపితే చాలు. ఉబ్బసమైతే పీల్చే మందు, సన్నగా ఆక్సిజన్ చాలు. పైకొచ్చేటప్పుడు ఊపిరితిత్తికి దెబ్బ తగిలుంటే ఆక్సిజన్ పూర్తిగా తెరవాలి."

సిస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఎందుకలా ఊపిందో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా ఆవిడకు తోచిన జవాబు ఒక్కటే. నిన్న నవ్వుతూ నర్సునని చెప్పిన మనిషి ముందు అబద్ధాలకోరుగా బయటపడటం కంటే ఊపిరాడకపోవడమే ఆ క్షణాన నయమనిపించింది. మాస్టారు నోరు తెరిచాడు. ఆవిడ ఆయన మణికట్టు నొక్కింది. ఆయన నోరు మూసుకున్నాడు.

కోచ్ ఇంక ఆలస్యం చేయలేదు. ఎర్ర పెట్టె తెరిచి, మాస్క్ సిస్టరమ్మ ముఖానికి బిగించి, ఆక్సిజన్ వాల్వు పూర్తిగా తిప్పింది. పడవ నడిపే అతను వెనక్కి తిరిగి, "అక్కా, మరి మీ అత్తకి..." అన్నాడు.

"నువ్వు పడవ నడుపు," అంది కోచ్.

నలభై నిమిషాల దారి. అంతసేపూ ఆక్సిజన్ బుస్సుమంటూనే ఉంది.

తరగతి గదిలో నాలుగు మంచాలున్నాయి. గోడ మీద నల్లబల్ల అలాగే ఉంది, దాని మీద సుద్దముక్కతో రోగుల పేర్లు రాసి ఉన్నాయి. కళ్లజోడుకు దారం కట్టుకున్న పెద్దాయన ఒకాయన వచ్చాడు. ఆయన కాంపౌండరు. డాక్టరు వచ్చే ఓడ ఇంకా మూడు రోజులకు గానీ రాదు కాబట్టి అందాకా అన్నీ ఆయనే. స్టెతస్కోపు వీపున ఆనించి, "పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఇది ఉబ్బసంలా ఉందే. నా దగ్గర పీల్చే మందు అయిపోయి వారమైంది," అన్నాడు.

కోచ్ అంది, "లేదన్నారు. రెండుసార్లు అడిగాను."

అప్పుడు మాస్టారు ఎవరికీ చెప్పకుండా బయటకు వెళ్లాడు. పావుగంటలో రొప్పుతూ తిరిగొచ్చాడు. చేతిలోని నీలం ఇన్‌హేలరు మందుల బల్ల మీద అందరూ చూసేలా పెట్టాడు. పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

సిస్టరమ్మ రెండుసార్లు పీల్చింది. పది నిమిషాల్లో ఛాతీ వదులైంది. తేలు కుట్టిన దొంగలా ఆవిడ కళ్లు దించుకుని కూర్చుంది. కళ్లు తిప్పడానికి ఎటూ చోటు దొరక్క పక్క మంచం వైపు చూసింది.

అక్కడ డెబ్బై ఏళ్ల ముసలావిడ మంచానికి అడ్డంగా కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు ఎగరేసి, పెదవులు తెరిచి గాలిని వెతుక్కుంటోంది. గోళ్లు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నర్సు కళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముసలావిడ చూపు కోచ్ చేతిలోని సిలిండరు మీద ఉంది. సిలిండరు మీటరులో ముల్లు సున్నా మీద ఉంది.

"మా అత్త," అంది కోచ్. "నలభై ఏళ్లు చేపల్ని పొగలో ఎండబెట్టి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. తుపానప్పుడు రెండు రోజులు తడిసింది, అప్పట్నించీ ఇలా. రోజూ పడవ తిరిగొచ్చాక సాయంత్రం దాకా ఈ సిలిండరు సన్నగా పెడతాం. ఓడ వచ్చేదాకా సరిపోవాలి." అలిగినట్టు గానీ అరిచినట్టు గానీ లేదు ఆ గొంతు. "ఫారంలో 'ఉంది' అనే గడి కూడా ఉంది మేడమ్. అందుకే అడిగాం," అంది. సిలిండరు తీసుకుని, మాస్క్ కడగడానికి బయటకు వెళ్లింది.

సిస్టరమ్మ లెక్క ఇట్టే కట్టగలదు. పిల్లల వార్డులో రోజూ కట్టే లెక్కే. తను నలభై నిమిషాల్లో పీల్చేసింది ఆ ముసలావిడకు మూడు మధ్యాహ్నాలు వచ్చేది. తనకేమో అసలు అవసరమే లేదు. సొరుగులో దాచిన అరచేతి సైజు వస్తువు వెంట ఉంటే సరిపోయేది. తల కొట్టేసినట్టయింది.

హోటలు గదిలో ఆవిడ స్నానం కూడా చేయకుండా మంచం అంచున కూర్చుంది. "మీరెందుకు చెప్పలేదు పడవలోనే?" అని మాస్టారి మీద పడబోయి, సగంలో ఆగిపోయింది.

"నువ్వు చెయ్యి నొక్కావని," అన్నాడాయన. "ముప్పై ఏళ్లుగా నువ్వు చెయ్యి నొక్కితే నోరు మూసుకోవడం అలవాటు. నాకూ సిగ్గుగానే ఉందే. నాది ఊపిరాడని నోరు కూడా కాదు."

మర్నాడు టిఫిను దగ్గర ఇంకో గొడవ. ఆక్సిజన్ లేకుండా పడవ సముద్రంలోకి తీసుకెళ్లకూడదని నియమం. కాబట్టి ఓడ వచ్చేదాకా డైవింగ్ బంద్ అని కోచ్ కాగితం అంటించి వెళ్లింది. రిటైరైన ఇంజనీరు ఒకాయన తన నలుగురు స్నేహితులతో వచ్చి ఉన్నాడు. ఆయన గుడ్డు పెంకు తీస్తూ గొంతు పెంచాడు. "ఒక్క సిలిండరు పెట్టుకుని వ్యాపారమా? బుద్ధుండక్కర్లేదూ? ఆ పొట్టిదాని లైసెన్సు పీకించేదాకా నేను ఫిర్యాదు రాస్తా. మీరందరూ సంతకాలు పెట్టండి."

కాగితం బల్ల బల్లకూ తిరుగుతూ సిస్టరమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడ చేతిలోని రొట్టె ముక్క కింద పెట్టి లేచి నిలబడింది. వార్డులో వందమందిని గదమాయించే గొంతు ఎక్కడికి పోయిందో, పీలగా వచ్చింది.

"సంతకం పెట్టను. తప్పు ఆవిడది కాదు, నాది. నాకు చిన్నప్పట్నించీ ఉబ్బసం. లేదని రాశాను. అడిగితే మళ్లీ లేదన్నాను. ఆ ఆక్సిజన్ నా అబద్ధానికి ఖర్చయింది. నేను... నర్సుని."

ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. అది కూడా చెప్పకపోతే సగమే చెప్పినట్టవుతుందని ఆవిడకు అనిపించింది. ఇంజనీరు ఆవిడను పైనుంచి కిందకు చూసి, "చదువుకున్నవాళ్లు కూడా..." అని ఊరుకున్నాడు. ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రాసింది రాసినట్టే ఉంచుకున్నాడో చించేశాడో ఆవిడకు తర్వాతా తెలియలేదు.

అక్కడి నుంచి సిస్టరమ్మ తిన్నగా తరగతి గదికి నడిచింది. కోచ్ అత్తకు గంజి తాగించే ప్రయత్నంలో ఉంది. కోడలి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముసలావిడ రాత్రంతా కునుకు తీయలేదని తెలుస్తూనే ఉంది.

"నేనేమైనా..." అని మొదలుపెట్టింది సిస్టరమ్మ.

ముసలావిడ ఆయాసపడుతూనే ఆవిడను ఎగాదిగా చూసింది. "నా ఊపిరి తాగేసిన మనిషివి... నువ్వేనా?"

"నేనే."

"రుచిగా... ఉందా?"

సిస్టరమ్మకు ఏడుపొచ్చింది. ఏడవడానికి తనకు హక్కు లేదనిపించి మింగేసింది. "లేదమ్మా," అంది.

"మరి నిలబడతావేం? వచ్చినదానివి... ఏదైనా చెయ్యి," అంది ముసలావిడ.

సిస్టరమ్మ చీరకొంగు బిగించింది. ముందు మంచం జరిపించింది. అది చెమ్మకు నల్లగా బూజుపట్టిన గోడకు ఆనుకుని ఉంది. కాంపౌండరు ఒక పక్క, మాస్టారు ఒక పక్క పట్టుకుని మంచాన్ని కిటికీ దగ్గరికి చేర్చారు. పిల్లల బల్ల ఒకటి తెచ్చి ముసలావిడ ముందు పెట్టించి, దాని మీద రెండు దిండ్లు వేసి, తల ముందుకు వాల్చి ఆనుకోబెట్టింది. "ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదులమ్మా. దీపం వణకాలి గానీ ఆరకూడదు, అంత మెల్లగా," అని తను చేసి చూపించింది. చెయ్యి దొప్పలా ముడిచి వీపు మీద తట్టి కఫం తెప్పించింది. గంజి గిన్నెడు ఒక్కసారి కాకుండా గంటకు నాలుగు చెంచాలు పట్టించమంది. బట్ట, సబ్బునీళ్లు తీసుకుని గోడ బూజు మాస్టారు కడిగాడు. బొమ్మలేసే చేతులు కదా, మూలమూలలా వదలకుండా కడిగాడు.

మొదటి రోజు సాయంత్రానికి ముసలావిడ గంటసేపు కన్ను మూసింది. రెండో రోజు మధ్యాహ్నం చాలా కష్టంగా గడిచింది. గాలి కదల్లేదు, గది పొయ్యిలా ఉంది. ముసలావిడ గోళ్లు మళ్లీ నల్లబడ్డాయి, మాట తడబడింది. సిస్టరమ్మ అట్టముక్కతో విసురుతూ, "వదులమ్మా, మెల్లగా, మళ్లీ, ఇంకొక్కసారి," అంటూ రెండు గంటలు ఆవిడతో పాటే ఊపిరి తీసింది. తన పాతికేళ్ల విద్యంతా కలిపినా ఒక సన్నని ఆక్సిజన్ ధారకు సాటిరాదని ఆవిడకు తెలుసు. ఈ మనిషి ఇప్పుడు పోతే అది ఎవరి వల్లో కూడా తెలుసు. కోచ్ అత్త కాళ్లు పడుతూ ఎదురుగా కూర్చుని ఉంది. ఇద్దరి చూపులూ ఒకటి రెండుసార్లు కలిశాయి. రెండుసార్లూ సిస్టరమ్మే ముందు చూపు దించుకుంది.

నాలుగు దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేచింది. ముసలావిడ మెల్లగా తేరుకుంది. తేరుకోగానే, "ఒసే కోడలా... ఈవిడ నన్ను చంపి... బతికించి... మళ్లీ చంపుతోందే," అంది. కోచ్ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. సిస్టరమ్మ నవ్వలేదు.

"ఎందుకలా రాశారు?" అని కోచ్ అప్పుడడిగింది. ఆ రెండు రోజుల్లో ఆవిడ ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి.

"చేపల్ని చూడాలని," అంది సిస్టరమ్మ. చెప్పాక ఆ మాట ఎంత చిన్నదో తన చెవులకే వినిపించింది. "ఒడ్డున కూర్చోవడం నామోషీ అనిపించింది. నాలాంటి దానికి నియమాలేంటి అనుకున్నాను."

కోచ్ అత్త కాళ్లు ఒళ్లోంచి దించింది. "ఉంది అని రాసుంటే పడవలో గాజు అడుగున్న పెట్టె ఉంది, దాన్లోంచి చూపించేదాన్ని. మోకాలి లోతులోనే బోలెడు చేపలు," అంది. దెప్పుతున్నట్టుగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. సిస్టరమ్మకు అది దెప్పినదానికంటే ఎక్కువ తగిలింది.

మూడో రోజు ఓడ పొద్దున రావాల్సింది మధ్యాహ్నం వచ్చింది. విరిగిన రేవుకు ఆనలేక దూరాన ఆగితే, సామాన్లు చిన్న పడవల్లో తెచ్చారు. ఇళ్ల కప్పులకు తెచ్చిన రేకులకంటే ముందు సిలిండర్లు దింపించింది కోచ్. ఒకటి తనే భుజాన వేసుకుని తరగతి గదిలోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. మాస్క్ పెట్టాక ముసలావిడ గోళ్లు ఎరుపెక్కుతుంటే గదిలో అందరూ వాటినే చూస్తూ నిలబడ్డారు. ఓడలో వచ్చిన డాక్టరు పరీక్ష చేసి, ఇప్పుడే కదిలించొద్దనీ, కాస్త కుదుటపడ్డాక వచ్చే వారం ఓడలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తాననీ అన్నాడు. "ఇన్ని రోజులు లాగిందంటే గట్టి మనిషే. బాగా చూసుకున్నారు," అన్నాడు సిస్టరమ్మతో. ఆ మెప్పు తీసుకోలేక, "నేను చూసుకోవాల్సి వచ్చిందే నా వల్ల సార్," అని జరిగింది మొత్తం చెప్పింది. మొన్న టిఫిను బల్ల దగ్గర వచ్చినంత పీలగా రాలేదు గొంతు. తేలిగ్గానూ రాలేదు.

సిస్టరమ్మ వాళ్లు వెళ్లాల్సిందీ ఆ ఓడలోనే. బయల్దేరే ముందు ముసలావిడకు చెప్పడానికి మంచం దగ్గరికి వెళ్లి, "క్షమించమ్మా," అంది.

ముసలావిడ మాస్క్ కొంచెం పక్కకు జరిపింది. "అదంతా... తీరిగ్గా చూద్దాం లే. ముందు ఊపిరి... పీల్చుకోనీ," అని మళ్లీ పెట్టుకుంది. సిస్టరమ్మ ఇంకాసేపు నిలబడింది గానీ ముసలావిడ కళ్లు మూసుకుంది.

రేవులో కోచ్ ప్రయాణికులను ఒక్కొక్కరినే చెయ్యి పట్టి చిన్న పడవలోకి దించుతోంది. ఇంజనీరుకు ఇచ్చినట్టే సిస్టరమ్మకూ చెయ్యి ఇచ్చింది. ఆ పట్టులో కోపం లేదు, చనువూ లేదు. "వీపు తట్టేది మా కాంపౌండరుకు సరిగ్గా రావట్లేదు. ఒకసారి నాకు చూపించండి," అంది. సిస్టరమ్మ పడవ అంచున నిలబడే కోచ్ చేతిని దొప్పలా ముడిచి, ఎంత గట్టిగా తట్టాలో తన భుజం మీద తట్టించుకుని చూపించింది. కోచ్ రెండుసార్లు చేసి, సరేనని తలూపి, తర్వాతి మనిషికి చెయ్యి అందించింది.

ఓడ కదిలాక మాస్టారు అడిగాడు. "ఊళ్లో అందరూ ట్రిప్పు ఎలా జరిగిందని అడుగుతారు. ఏం చెబుదాం?"

"జరిగిందే చెబుదాం."

"అంతానా?"

"అంతా. మీరు నోరు మూసుకున్నది కూడా."

ఆయన తలూపాడు. సిస్టరమ్మ ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించింది. మొదట కుర్ర నర్సులకు చెప్పాలి. వాళ్లను ఎదురుగా ఊహించుకుని, పెదవులు కదిలించి చూసుకుంది. మొదటి వాక్యం సగంలోనే ముఖం వేడెక్కింది. ఆగి, నీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.